ఎండిన కాలవ, మడవ

ప్రాక్టీస్ మానేశాక డాక్టర్ భీమశంకరం బాతెల్ పట్నంలో ఇల్లు అమ్మేసి, కొండలకి అవతల ఎల్లెన్స్‌బర్గ్ దగ్గర గడ్డిభూమి కొన్నాడు. వందేళ్ల కిందట ఆ గడ్డిని తడపడానికి తవ్విన కాలవలు ఇప్పుడు పాత గాట్లలా మిగిలాయి. వాటిలో నీళ్లు పారడం ఇప్పటివాళ్లెవరూ చూడలేదు.

ఒక రాత్రి అక్కడ నీళ్ల చప్పుడు వినిపించింది.

"ఎలుగుబంట్లు తిరుగుతాయండీ, లైట్ తీసుకెళ్లండి," అంది భార్య జ్ఞానప్రసూన. ఆయన ఫోన్‌లో లైట్ వేసుకుని, పార కూడా పట్టుకెళ్లాడు.

నిజంగానే నీళ్లు. పక్కవాళ్ల పొలంలోకి పోతున్నాయి. ఫోన్ గడ్డిలో పెట్టి, చిన్నప్పుడు తెనాలి పొలాల్లో చేసినట్టే, ఆలోచించకుండా మట్టిపెళ్ల అడ్డం వేసి, మడవ కట్టి నీళ్లు తనవైపు తిప్పుకున్నాడు. అటు తిరిగాడో లేదో, చీకట్లో ఎవరో పెళ్ల లాగేశారు. మళ్లీ వేశాడు. మళ్లీ లాగేశారు.

"ఎవడ్రా అది? ఇది నా వంతురా!"

పార ఎత్తి ఆ అలికిడి మీదకి దింపాడు. అది మట్టిలో దిగిన చప్పుడు కాదు. నలభై ఏళ్లు తలలకి ఆపరేషన్లు చేసిన మనిషికి పుర్రె పగిలే చప్పుడు తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. చప్పుడు మెత్తబడేదాకా కొట్టాడు.

ఫోన్ తీసి లైట్ పట్టి చూస్తే కాలవ ఎండిపోయి ఉంది. ఎవరూ లేరు.

పరిగెత్తుకొచ్చి తలుపు బాదాడు. జ్ఞానప్రసూన తలుపు తీసి, ఆయన భుజం మీదుగా వెనక్కి చూసి, కంగారుగా పక్కకి జరిగింది.

"అయ్యో, తలంతా పగిలిపోయిందే! ముందు ఆయన్ని లోపలికి రానివ్వండి. డాక్టరై ఉండి అలా నిలబడతారేం?"