ఇనప పొట్ట

బూబుసారా తలగుడ్డ కొంగు విప్పి తెల్లమట్టి గడ్డని బల్ల మీద పెట్టింది. మూతపడ్డ గని పక్క కొండ మట్టి అది. ఆవిడ ఇంట్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళంతా తిన్నదే.

"మా మట్టిని ఆడిపోసుకునేవాళ్ళ నోళ్ళు మూయించాలే పిల్లా!"

ఓష్ నగరంలోని ల్యాబులో పనిచేసే కనిషాయ్ అందులో కాస్త పొడి చేసి యంత్రంలో వేసింది. మన పొట్టలో ఊరేలాంటి పులుపునీళ్ళు పోసుకుని, ఒంటి వేడికి తెచ్చి, యంత్రం తనంతట తానే మట్టిని కుదపసాగింది.

"ఇనప పొట్టకి ఆకలెక్కువే! కాస్త టీ కూడా పొయ్యవే," అని ముసలావిడ నవ్వింది.

తెర మీద అంకెలు పడ్డాయి.

"అపా, ఇందులో సీసం ఉంది. చాలావరకు పొట్టలో కరిగి రక్తంలో కలుస్తుంది. కడుపు నిలవడం కష్టం. మీ కోడలు తింటుంటే ఇవాళే మానెయ్యమనండి."

బూబుసారా నవ్వు ఆగిపోయింది.

"ఇంకెక్కడి కోడలు? కడుపు పండినప్పుడల్లా బలమొస్తుందని నా చేత్తోనే తినిపించాను. పండిందల్లా పోయింది. నీ కడుపే మంచిది కాదని పుట్టింటికి తరిమేశాను."

మిగిలిన గడ్డ తీసి నోట్లో వేసుకుంది.

"అయ్యో, వద్దు అపా! ఉమ్మెయ్యండి!"

ఆవిడ నములుతూనే ఉంది.

"అదీ ఇలాగే వద్దు వద్దంది. విన్నానా?"