నాలుగో డ్రయ్యర్

సరిగ్గా పది గంటలకు ముసలామె మళ్లీ గాజు తలుపు దగ్గర నిలబడింది.

చెప్పులు బయటే విడిచింది. చేతులకు తెల్లటి పొడి. బొటనవేలితో చూపుడువేలు రాస్తూ లోపలికి తొంగి చూసింది.

"లింగం సారు లేడా బిడ్డా?"

"పోయిన శనివారమే రిటైరైండు. నీకేం పని అవ్వా?"

"నాలుగో డ్రయ్యర్ సంగతి..."

"నీ చేతుల పొడి కంప్యూటర్ల మీద పడుతది. బయటికి నడువు."

నాగేశ్వరి తలుపు మూసింది. మందు పొడి ఆరబెట్టే డ్రయ్యర్ల గది ఊడ్చే మనిషికి ఇక్కడేం పని? మే నెల ఎండ. ఏసీ చల్లదనం కోసం వస్తోందనుకుంది.

కాజీపల్లిలోని ఆ మందుల ఫ్యాక్టరీని పదిహేనేళ్లుగా కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రామే నడిపిస్తోంది. నెలాఖరుకు దాన్ని జావా అనే కొత్త భాషలోకి మార్చాలి. మారిస్తేనే ఉద్యోగం ఖాయమని మేనేజర్ నరసరాజు చెప్పాడు. జిన్నారంలో కంప్యూటర్ చదివిన మొదటి ఆడపిల్ల తను. ఓడిపోయి ఊరికి వెళ్లదలచుకోలేదు.

ప్రతి డ్రయ్యర్‌నూ ఒక ఆబ్జెక్టుగా రాసింది. దాని వేడి, గంటలు, బరువు అన్నీ దానిలోనే. ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

పాత ప్రోగ్రాం మాత్రం నాలుగో డ్రయ్యర్ దగ్గర ఆగి, ఆరిందా అని అడిగేది. అవునంటూ వై అని కొడితేనే కదిలేది. లింగం కుర్చీలోంచి లేవకుండానే కొట్టేవాడు. అతను వెళ్లాక నాగేశ్వరే కొడుతోంది. ఏమీ కాలేదు. అందుకే కొత్తదానిలో ఆ ప్రశ్న తీసేసింది.

ముసలామె మర్నాడూ వచ్చింది. మూడోనాడూ వచ్చింది. నాగేశ్వరి ఊడ్చేవాళ్లను పెట్టే కాంట్రాక్టర్‌కు ఆమె మీద ఫిర్యాదు చేసింది.

"గా ఊడ్చే ముత్యమ్మను తీసేసిండ్రు. కిరాయి అర్ర ఖాళీ చేసి ఎటో పోయింది," అన్నాడు వాచ్‌మన్ ఐలన్న.

నాగేశ్వరి తల ఎత్తలేదు. గడువుకు రెండు రోజుల ముందే పని ముగించింది.

శ్రావణం ముసురులో నాలుగో డ్రయ్యర్ మందు గడ్డకట్టింది. డ్రమ్ములకు డ్రమ్ములు వాపసు వచ్చాయి. కొత్త ప్రోగ్రాం మాత్రం అంతా బాగుందనే చూపించింది.

నరసరాజు కోప్పడలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధైంది.

"తప్పు నేనే దొరకబడుత సార్," అంది.

పాత ప్రోగ్రాం కాగితాలు నేల మీద పరిచి, ఒక్కో వరుసా చదివింది. మూడో రోజు, ఆరిందా అన్న ఆ ప్రశ్న దగ్గర ఆమె వేలు ఆగింది. బస్సెక్కి సంగారెడ్డిలో లింగం ఇంటికి వెళ్లింది.

"గా డ్రయ్యర్ గంతే బిడ్డా," అన్నాడు లింగం. "వానకాలం మీటర్ ఆరిందంటది. లోపట తడి ఉంటది. పొడి వేళ్లల్ల రాసి చూస్తెనే ఎరుకైతది."

"మరి కాకా, నువ్వు కంప్యూటర్ గదిలెంచి లేవకుండనే వై కొడుతుంటివి గద?"

"కొట్టింది నేనే," అన్నాడు లింగం. "రోజు పొద్దుగాల పదింటికి ముత్యమ్మ వచ్చి, తలుపు కాడ నిలబడి తల ఊపినంకనే."