గరిటె కాడ స్టీరింగు

"ఆ బొమ్మ లారీని ఎక్కడైనా దాచెయ్యి. అమ్మాయి తరఫువాళ్లు ఎంక్వైరీకి మనిషిని పంపిస్తారట" అన్నాడు గున్నేశ్వరరావు, గల్లాపెట్టెకి బొట్టు పెడుతూ.

అది బొమ్మ లారీ కాదు, రిమోట్‌తో నడిచే మాన్‌స్టర్ ట్రక్కు. ఆ మాట సుమంత్ ఇదివరకు చాలాసార్లు చెప్పాడు. గోడకి చెప్పినా ఒకటే.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో వాళ్లది స్టీలు సామాన్ల కొట్టు. సుమంత్ భీమవరంలో మెకానికల్ పూర్తిచేసి వచ్చిన రోజున, "నా నడుం నొప్పి తగ్గేదాకా ఓ నెల కొట్లో కూర్చోరా" అన్నాడు తండ్రి.

నడుం నొప్పి ఎప్పుడో తగ్గింది. ఆ నెల మాత్రం ఇంకా అవలేదు.

అప్పట్నుంచీ బిందెల మధ్య కుక్కినపేనులా పడున్నాడు సుమంత్. కొట్లో ఊపిరాడేది మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు, ఆ ట్రక్కు ముందేసుకుని కూర్చుంటేనే.

ట్రక్కుకి టైర్లు పెద్దవి, స్టీరింగు నీరసం. మట్టిగడ్డ అడ్డొస్తే ముందు చక్రాలు తిరగనని మొరాయించేవి. సుమంత్ లోపలి ప్లాస్టిక్ పళ్ల మోటారు పీకేసి, ఇనుప పళ్లది బిగించాడు. చక్రాలను తిప్పే రాడ్డు కోసం కొట్లోని గరిటె కాడ కోసి ఆకురాయితో అరగదీశాడు.

మొన్న ఆదివారం భీమవరం దగ్గర, ఎండగట్టిన రొయ్యల చెరువులో నడిపి చూశాడు. నెర్రెలిచ్చిన మట్టిలో కూడా ఎటు తిప్పితే అటు తిరిగింది. సుమంత్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ పని ఎలా చేశాడో చెబుతుంటే స్నేహితుడు ఉదయ్‌కుమార్ వీడియో తీసి యూట్యూబులో పెట్టాడు. చేతులే కనిపిస్తాయి, మొహం కనిపించదు. మొహం కనిపిస్తే ఇంట్లో కురుక్షేత్రమే.

తండ్రి మాట ప్రకారం సుమంత్ ట్రక్కు మీద పెద్ద గంగాళం బోర్లించాడు. ఒక చక్రం బయటికే ఉండిపోయింది. దాన్ని లోపలికి తోసేలోగా గుమ్మంలో మనిషి.

నడివయసు. భుజాన సంచీ. ఈ బజారు మొహం కాదు.

"గున్నేశ్వరరావుగారి కొట్టు ఇదేనాండీ?"

"మీరెందుకొచ్చారో మాకు తెలుసండి. కూర్చోండి."

ఆయన తెల్లబోయాడు. "తెలుసాండీ? అయితే మరీ మంచిది. అబ్బాయి గురించే వచ్చాను."

"మావాడి గురించి మేం చెప్పుకోకూడదు. కొట్టు, ఇల్లు తప్ప మూడో గుమ్మం తొక్కడండి."

"నమస్కారమండి" అన్నాడు సుమంత్.

ఆయన చటుక్కున తలతిప్పి చూశాడు. తర్వాత ఆయన చూపు చక్రం మీద పడింది. లేచి గంగాళం ఎత్తాడు.

గున్నేశ్వరరావు కుర్చీలోంచి సగం లేచాడు.

ఆయన ట్రక్కుని వెల్లకిలా తిప్పి, ముందు చక్రాలను వేలితో కదిపాడు.

"ఈ రాడ్డు కంపెనీది కాదే. ఎవరు చేశారండీ?"

ఆ కొట్లో ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సుమంత్‌కి సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది.

గున్నేశ్వరరావు గట్టిగా దగ్గాడు. "పక్కింటి పిల్లాడి బొమ్మండి అది."

ఆయన సుమంత్ వైపే చూస్తున్నాడు. "మీకేమైనా తెలుసా బాబూ, దీని సంగతి?"

"నాకిలాంటివి తెలియవండి."

"ఎప్పుడూ చెయ్యి పెట్టి చూడలేదూ?"

"లేదండి. చిన్నపిల్లల ఆటలు కదండీ ఇవి."

గున్నేశ్వరరావు మొహం చాటంత అయింది.

"పోనీ, వేరే ఊళ్లో మంచి ఉద్యోగం దొరికితే వెళతారా?"

ఇల్లరికం రమ్మంటారో, వేరు కాపురం పెట్టమంటారో! తండ్రి కళ్లురిమి చూశాడు. సుమంత్ తల అడ్డంగా ఊపాడు.

"లేదండి. నాకీ కొట్టు చాలు."

ఆయన ట్రక్కుని జాగ్రత్తగా కింద నిలబెట్టి, "వస్తానండి" అని వెళ్లిపోయాడు.

"నెగ్గావురా! సంబంధం ఖాయం" అని గున్నేశ్వరరావు వెంటనే పెళ్లిళ్ల పేరయ్య రాజేంద్రకి ఫోన్ కొట్టాడు. "మీరు పంపిన మనిషి వచ్చి వెళ్లాడండి."

"మా మనిషా? భలేవారే! మూఢం వెళ్లేదాకా అటునుంచి ఎవరూ గుమ్మం కదలరండి."

గున్నేశ్వరరావు ఫోన్ పెట్టేసి, "ఎవడో పనిలేనివాడు" అని తేల్చేసి బేరంలో పడ్డాడు.

సాయంత్రం ఉదయ్‌కుమార్ ఫోన్ చేశాడు.

"ఎందుకురా అలా చెప్పావు?"

"ఎవరికి?"

"పొద్దున మీ కొట్టుకొచ్చినాయనకి. మన వీడియో చూసి అడిగితే అడ్రసు ఇచ్చింది నేనేరా. నీకు సర్‌ప్రైజ్‌గా ఉంటుందని ముందు చెప్పలేదు. ఇప్పుడే రైలెక్కి ఫోన్ చేశాడు."

'వేరే ఊళ్లో మంచి ఉద్యోగం' అన్న మాట సుమంత్‌కి అప్పుడు వెలిగింది. చేతిలోని పళ్లెం జారి కిందపడింది. ఆ మోతకి కొట్లోవాళ్లంతా తిరిగి చూశారు.

"నంబరియ్యరా. నేను మాట్లాడతాను. కాళ్లు పట్టుకుంటాను."

"నేను బతిమాలాను. 'కొట్టే చాలన్నాడు బాబూ, బలవంతం ఎందుకు? ఆ ఉద్యోగం కోయంబత్తూరు కుర్రాడొకడికి ఇస్తానని మాటిచ్చేశాను' అన్నాడు."

"ఇంతకీ ఎవర్రా ఆయన?"

"ఆ ట్రక్కు తయారుచేసే కంపెనీలో చీఫ్ ఇంజినీరు, నిన్ను ఉద్యోగానికి తీసుకెళ్దామని బెంగుళూరు నుంచి వచ్చి, నువ్వు నమస్కారమన్నప్పుడే గొంతు గుర్తుపట్టి, ఒక్కసారైనా 'అది నేనే చేశాను' అంటావని అన్నిసార్లు అడిగాడట్రా."