క్రిస్మస్ అమ్మ

సోషల్ క్లబ్ సెక్రటరీ అయిన రోజు విఘ్నేష్ చేతికి వచ్చిన ఆస్తి ఇంతే: ఒక గది, ఒక కేరమ్ బోర్డు, ఆరుగురు సభ్యులు. బోర్డుకు ఎర్ర కాయిన్ లేదు.

కాలేజీ చర్చి చూసుకునే చాప్లిన్ జెబకుమార్ సార్ జూలై మొదటి వారంలోనే చెప్పేశారు.

"ఏప్రిల్‌లో క్లబ్ డే నాడు వచ్చి తలలు లెక్కపెడతా. ముప్పై ఉంటే గది మీది. ఒక్కటి తగ్గినా జెరాక్స్ మిషన్‌ది."

విఘ్నేష్ చూలై బజారులో స్వీటు డబ్బాల టోకు వ్యాపారి కొడుకు. సరుకు ఎందుకు కదలడం లేదో ముందు చూడాలని అతనికి తెలుసు. పాత రిజిస్టరు తిరగేశాడు. కిందటి డిసెంబరు దాకా ఇరవై మంది. క్రిస్మస్ తర్వాత ఆరుగురు.

మానేసిన వాళ్లలో ఆంటో క్యాంటీన్‌లో దొరికాడు.

"క్రిస్మస్ అమ్మ వల్లే రా," అన్నాడు ఆంటో.

అది ఆ కాలేజీలో పాత ఆట. అందరి పేర్లూ చీటీల మీద రాసి సీసాలో వేస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్లకు మనం అమ్మ. ఆడైనా మగైనా అమ్మే. బిడ్డకు రహస్యంగా చిన్న చిన్న కానుకలు ఇవ్వాలి. ఎవరు ఎవరి అమ్మో చివరి రోజున బయటపడుతుంది.

"అందరికీ కేకులూ పెన్నులూ వచ్చినాయి. మా అమ్మ నన్ను మర్చేపోయింది. ఒక్క చాక్లెట్ లేదు. ఆడ కూర్చుని వాళ్లు తింటా ఉంటే చూడాల్నా?"

విఘ్నేష్‌కు లోపం దొరికింది. ఆట మంచిదే, పంపకమే బాగాలేదు. ఒక అమ్మ మర్చిపోతే ఒక బిడ్డ పోతుంది.

ఆ వారమే ఆట మొదలుపెట్టాడు.

"జూలైలో క్రిస్మసా? పైత్యమా నీకు?" అంది క్లబ్బు సభ్యురాలు షీబా.

"మా నాయిన దీపావళి డబ్బాలు ఎప్పుడు కొంటాడనుకున్నావు?"

చీటీలన్నీ తనే రాసి సీసా నింపాడు. పాతవాళ్లూ కొత్తగా చేరినవాళ్లూ తలా ఒకటి తీసుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు. తనూ ఒకటి తీసి, విప్పకుండానే జేబులో వేసుకున్నాడు.

గురువారం సాయంత్రం కానుకకు బిడ్డ పేరు కట్టి క్లబ్బు ట్రంకు పెట్టెలో వేయాలి. శుక్రవారం పొద్దున్నే విఘ్నేష్ ఒక్కడే వచ్చేవాడు. చేతిరాతను బట్టి ఎవరూ గుర్తుపట్టకుండా పేర్లన్నీ తిరగరాసి, అన్నిటికీ ఒకే రంగు కాగితం చుట్టి పంచేవాడు. కాగితం నాన్న కొట్టుది.

ఏ శుక్రవారమూ ఎవరూ ఉత్త చేతులతో వెళ్లలేదు. కబురు పాకింది. ఆంటో తిరిగొచ్చాడు. ఆగస్టుకు పద్నాలుగు మంది, దీపావళికి ఇరవై మూడు.

ఫిర్యాదులు లేకపోలేదు.

"మా అమ్మకు బుద్ధుందా?" షీబా షేవింగ్ క్రీమ్ ఎత్తి చూపించింది. పక్కనే ఇంద్రజ చేతిలో నలభై సైజు బనియన్ ఉంది.

"మీ అమ్మలు మగపిల్లకాయలై ఉంటారులే," అన్నాడు విఘ్నేష్. "వాళ్లకేం తెలుసు పాపం."

తను వేరొకరికని కొన్న క్రీమ్ చూసి ఆంటో ఉలిక్కిపడ్డాడు. కానీ రూలు రూలే. నోరు విప్పలేదు.

"అది సరే, నీకు వస్తా ఉందా?" అని అడిగింది ఇంద్రజ. గదిలో అందరూ మాటలాపి అటే చెవులు పెట్టారు.

"బాగానే వస్తా ఉంది," అన్నాడు విఘ్నేష్.

డిసెంబరులో చాప్లిన్ గుట్టు విప్పమన్నారు.

"ఇప్పుడే చెప్పేస్తే జనవరిలో ఈడికి ఎవరొస్తారు సార్? ఏప్రిల్ దాకా ఆపుదాం."

ఏప్రిల్ రానే వచ్చింది. క్లబ్ డే నాడు గది కిక్కిరిసింది. విఘ్నేష్ కాక ముప్పై ఒక్కమంది. అతని చొక్కా మాత్రం చెమటతో తడిసిపోయింది.

"ముందు తలలు లెక్కపెట్టేయండి సార్. ఆట ఎక్కడికి పోతుంది?"

"ఎందుకప్పా తొందర? అమ్మలు లేస్తా ఉంటే లెక్కపెట్టుకుంటా. లేచిన తలకే లెక్క." చాప్లిన్ రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశారు. "సెక్రటరీతోనే మొదలుపెడదాం. విఘ్నేష్ అమ్మ ఎవరో లేచి నిలబడండి."

ముప్పై ఒక్కమందీ లేచి నిలబడ్డారు.