గడ్డిలో మాగిన పండు

ఎండలు మండిపోతున్న ఒక దొడ్లో, గడ్డివామునే ఇల్లు చేసుకుని ఒక చిట్టెలుక ఉండేది. గాలిదుమారానికి రాలిన మామిడికాయ ఒకటి దొరికితే, తెచ్చి గడ్డిలో మాగేసింది.

ఆనాటి నుంచి దానికి కంటిమీద కునుకు లేదు. వాసన ఎవరైనా పసిగట్టారేమోనని భయమేసేది. అలా అనిపించినప్పుడల్లా గడ్డి తోడి, ముక్కు ఆనించి చూసి, మళ్ళీ కప్పేది.

వాము మీది గోరింక జాలిపడింది.

"పండింది కదే పిల్లా, తినెయ్యరాదూ?"

"అమ్మో! తింటుంటే ఎవరైనా చూస్తేనో పిన్నీ?" అంటూ ఎలుక మరోసారి గడ్డి తోడింది.

అంతలో మేక వచ్చి పండు లాక్కుని, తొక్కతో సహా నమిలేసి, టెంక ఉమ్మింది.

"ఇక్కడుందని నీకెవరు చెప్పారత్తా?" ఎలుక గొల్లుమంది.

"ఒకరు చెప్పాలా? నువ్వు గడ్డి తీసినప్పుడల్లా దొడ్డంతా గుప్పుమంటుంటేనూ!" మేక మూతి నాక్కుంటూ పోయింది.

ఎలుక చతికిలబడింది. ఇక దాచడానికీ ఏమీ లేదు, భయపడడానికీ ఏమీ లేదు. టెంకను ముందుకాళ్ళతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిదానంగా చీకింది. ఆ వేసవిలో అది నోరు తీపి చేసుకున్నది అప్పుడే.