ముందస్తు మొక్కు

“మళ్ళీ మొక్కినావా?” సగం ఆట విజిల్ మోగగానే మిల్లు ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ జ్ఞానరాజు ఓబులేసు మీద విరుచుకుపడ్డాడు. “గోలు ముందర నిలబడి కండ్లకద్దుకుంటావా!”

“బూటుకాలు తగిలిందన్నా. ఒట్టికాలైతే ఏమో అనుకోవచ్చు. ఆ కడప జట్టు సుబ్బన్న నాకంటే పెద్దోడు.”

“ఆయప్ప కావాలనే నీ కాలికి అడ్డం పడ్తాండాడు! నువ్వు ఆగి మొక్కేలోగా బంతి పోతాండాది. మిల్లోళ్ళు నీకు జీతమిచ్చేది గోలు కొట్టేకి. నాలుగాటలైపాయె, ఒక్కటీ లేదు. ఈ పొద్దు గూడా కొట్టకుంటే రేపట్నుంచి దూదిబేళ్ళు మోసుకో!”

జ్ఞానరాజు అన్నవాటిలో రాయదగిన మాటలు ఇవే. మజ్జిగ చెంబు పట్టుకొచ్చిన ఓబులేసు భార్య మద్దమ్మ మిగిలినవి కూడా విన్నది.

“నేనేం చేసేది? చిన్నప్పటి అలవాటు. చెయ్యి దానంతటదే పోతాది,” తల పట్టుకున్నాడు ఓబులేసు.

“నిన్ను మానుకోమన్నదెవరు?” అంది మద్దమ్మ చెంబు అందిస్తూ. “తగిలినంక మొక్కేదేదో ఇప్పుడే పోయి మొక్కిరా. నడమ ఆగే పనుండదు.”

ఓబులేసు మజ్జిగ తాగేసి, నేరుగా కడప జట్టు దగ్గరికి నడిచాడు. సుబ్బయ్య భుజం తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు.

సుబ్బయ్య నవ్వాడు. “ఏమప్పా, ఆట మళ్ళీ మొదలే కాలేదు. నీ కాలు నాకు యాడ తగిలింది?”

“తగుల్తాదిలే సుబ్బన్నా,” అన్నాడు ఓబులేసు ఎంతో వినయంగా.

విజిల్ మోగింది. బంతి ఓబులేసు కాళ్ళ దగ్గరికి రాగానే, సుబ్బయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.