తుమ్మబంక

"ఏం పలుకుతాయో చెప్పయ్యా! వీటి పిచ్చిలో పడి బతికినన్నాళ్లూ ఇల్లు గాలికొదిలేసినాడు," అని చచ్చిపోయిన మొగుడి మీద మండిపడతా, తపాలాబిళ్ళలు అంటించిన రాతి పలకలను చెన్నపట్నం వ్యాపారి ముందు పడేసింది యల్లమ్మ.

అతను వాటిని ముట్టుకోనైనా లేదు. "విడిగా ఉంటే చానా పలికేవమ్మా. పలకలకు అంటించినాక దేనికీ పనికిరావు."

"చెదలు తింటాయని తుమ్మబంకతో నేనే అంటించినా. బాగా అంటించినావే అని ఆయన మురిసిపోయినాడు. ఆయనకేం తెలుసు, నా మొగం!"

"తెలుసమ్మా. అప్పుడే దొనకొండ స్టేషన్లో నాకు చూపించినాడు, ఈ మాటే చెప్పినా. మా ఇంటిదానికి మాత్రం తెలియనీయొద్దని నా చేతులు పట్టుకున్నాడు."

యల్లమ్మ పలకను ఒళ్లోకి తీసుకొని పిడికిలితో గుద్దింది.

"నా చేత అన్ని తిట్లు తిన్నావు కదయ్యా! నన్నొక్క తిట్టు తిడితే నీ సొమ్మేం పోయేది?"